రూపాయికే ఇంటి పర్మిషన్ అంటున్న ఆ మెసేజ్ గురించి కొన్ని మాటలు

ఫ్యామిలీ గ్రూపుల్లో, కాలనీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "కొత్త చట్టం వచ్చింది. 75 గజాల లోపు ప్లాటుకి ఏ రూల్సూ లేవు, రూపాయి కడితే చాలు. 600 గజాల దాకా మీకు మీరే సర్టిఫై చేసుకోవచ్చు, ఏ ఆఫీసరూ సైటుకి రాడు. 21 రోజులు దాటితే పర్మిషన్ వచ్చినట్టే, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేరు, సుప్రీంకోర్టే చెప్పింది. ఓసీ (కట్టాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అపార్ట్‌మెంట్లకే. ఇంటి పన్ను కడుతుంటే ఇల్లు రెగ్యులర్ అయినట్టే. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఇదే చట్టం." చివర్లో మామూలే, బంధుమిత్రులందరికీ షేర్ చేయమని.

నా పనే ఇళ్ళకి ప్లాన్లు గీసి ఆన్‌లైన్లో అప్‌లోడ్ చేయడం. ఈ మెసేజ్ ఫోన్లో చూపించి "ఇలా ఉంది కదండీ, మరి మీరెందుకు ఇన్ని కాగితాలు అడుగుతున్నారు" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఇది కొత్త చట్టం కాదు. తెలంగాణ అసెంబ్లీ 2020 సెప్టెంబరులో పాస్ చేసిన టీఎస్-బీపాస్ చట్టం ఇది, ఆన్‌లైన్లో ఇంటి పర్మిషన్లు ఇవ్వడానికి తెచ్చింది, అదే ఏడాది నవంబరు 16న పోర్టల్ మొదలైంది. 2024లో రాష్ట్రం కోడ్ టీజీ అయ్యాక టీజీ-బీపాస్ అయింది, 2025లో బిల్డ్‌నౌ అని ఇంకో పోర్టల్ వచ్చింది. ఇలా పేర్లు, వెబ్‌సైట్లు మారినప్పుడల్లా "కొత్త చట్టం" అంటూ పాత మెసేజే మళ్ళీ బయల్దేరుతుంది. అసలు ఇంటికి ఎంత ఖాళీ వదలాలి, ఎంత ఎత్తు లేపొచ్చు, రోడ్డు ఎంత ఉండాలి అని చెప్పేది మాత్రం ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168, దాని మీద తర్వాత వచ్చిన సవరణలు. 2020 చట్టం ఆ రూల్స్‌ని తీసేయలేదు. ఇదివరకు ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్ళు ముందే చూసి సంతకం పెట్టేవాళ్ళు, ఇప్పుడు ముందు మీరు సంతకం పెడతారు, వాళ్ళు తర్వాత చూస్తారు. తప్పు బయటపడితే ఇదివరకు "ఆఫీసరే ఇచ్చాడు కదా" అనుకోవడానికైనా ఉండేది. ఇప్పుడు అక్కడున్నది మీ సంతకమే.

ఇక 75 గజాల సంగతి. రూపాయి మాట నిజమే. 75 గజాల లోపు ప్లాటులో గ్రౌండ్ లేదా జీ ప్లస్ వన్, 7 మీటర్ల ఎత్తుకి మించకుండా కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి టోకెన్ ఫీజుతో ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుంది. పేద, మధ్యతరగతి వాళ్ళకి ఇది నిజంగా మంచి మార్పు, కాదనను. 15 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు ఉన్న ముక్కలో రెండు గదులు వేసుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ పర్మిషన్ అక్కర్లేదంటే రూల్స్ అక్కర్లేదని కాదు. జీ ప్లస్ వన్ అని రిజిస్టర్ చేసి మూడో స్లాబు వేస్తే అది అక్రమ కట్టడమే. స్థలం ప్రభుత్వ భూమి అయినా, చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దులో ఉన్నా ఆ రూపాయి రసీదు ఎందుకూ పనికిరాదు. ఇంకో తెలివి కూడా చూశాను, 150 గజాల ప్లాటుని కాగితం మీద రెండు 75లు చేసి, ఒకటి భార్య పేరున, ఒకటి భర్త పేరున రిజిస్టర్ చేద్దామని. ప్లాటుని ముక్కలు చేయడానికే విడిగా పర్మిషన్ కావాలి, అది ఎవరూ చెప్పరు.

600 గజాల మాట దగ్గర మెసేజ్ పూర్తిగా దారి తప్పింది. చట్టంలో లెక్క 500 చదరపు మీటర్ల ప్లాటు, 10 మీటర్ల ఎత్తు లోపు. (సరిగ్గా 600 గజాలంటే 501.7 చదరపు మీటర్లు అవుతుంది, అంచు మీద ఉన్నవాళ్ళు డాక్యుమెంటులో విస్తీర్ణం ఒకసారి చూసుకోండి.) దీనికి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద అప్పటికప్పుడు పర్మిషన్ వస్తుంది. ఆఫీసరు సైటుకి రాడన్నది మాత్రం శుద్ధ అబద్ధం. పర్మిషన్ వచ్చాక 21 రోజుల్లోపు వాళ్ళు కాగితాలు, సైటు సరిచూడాలి, మీరు చెప్పింది తప్పని తేలితే ఇచ్చిన పర్మిషన్ రద్దు చేయొచ్చు. కట్టేటప్పుడు ప్లాను తప్పితే అది వేరే కేసు, దానికి ఈ 21 రోజుల గడువుతో పని లేదు.

ఎక్కువమంది పడిపోయేది రెండు చోట్ల. ఒకటి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ. 200 గజాల ప్లాటు తీసుకోండి, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. 2012 రూల్స్ పట్టిక ప్రకారం 10 మీటర్ల ఎత్తు దాకా ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. ప్లాన్లో అలాగే గీస్తాం, లేకపోతే పోర్టల్ తీసుకోదు. తీరా సైటు మీద మేస్త్రీ, ఇంటి పెద్దాయన కలిసి "పక్కవాళ్ళు వదల్లేదు కదా" అని గోడని ప్రహరీకి ఆనించేస్తారు. సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు చిన్న తేడా వస్తే జరిమానాతో సర్దుబాటు చేసే వీలుంది, నిజమే. దాన్నే పట్టుకుని "10 శాతం డీవియేషన్ అలౌడ్" అని పైన పెంట్‌హౌస్ వేసేస్తున్నారు. అదనపు అంతస్తుకి ఆ వెసులుబాటు లేదు.

రెండోది రోడ్డు. దీని గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు, కస్టమ్‌గా ఇల్లు కట్టించుకునేవాళ్ళ ప్లానుని అన్నిటికంటే ఎక్కువగా మార్చేసేది మాత్రం ఇదే. మామూలు నివాస ప్రాంతాల్లో మీ ముందు రోడ్డు 9 మీటర్లు, అంటే 30 అడుగులు లేకపోయినా ఉన్నట్టే లెక్కేస్తారు. 20 అడుగుల రోడ్డే ఉంటే తక్కువైన పదడుగుల్లో సగం, ఐదడుగులు, మీ వైపు నుంచి పోతుంది, ఆ తర్వాతే సెట్‌బ్యాక్ మొదలవుతుంది. పాత ఇరుకు బస్తీలకి వేరే లెక్కలున్నాయి గానీ కొత్త కాలనీల్లో ఇంతే. 40 అడుగుల లోతు ప్లాటులో ముందే ఐదడుగులు పోయి, దాని మీద ముందు సెట్‌బ్యాక్ మరో ఐదడుగులు పోతే, ఇంటర్నెట్లో చూసి ముచ్చటపడిన డబుల్ హైట్ హాలు, కార్ పార్కింగు రెండూ అందులో పట్టవు. ఇది స్లాబ్ వేశాక తెలిస్తే టెన్షన్ అంతా ఇంతా కాదు.

"21 రోజులు దాటితే వచ్చినట్టే" అన్నది ఏ కేసుకి చెందిందో కూడా మెసేజ్ రాసినవాడికి తెలియదు. అది 500 చదరపు మీటర్లు లేదా 10 మీటర్లు దాటిన కట్టడాలకి. వాటికి సింగిల్ విండోలో, అంటే అన్ని శాఖల అనుమతులూ ఒకేచోట ఇచ్చే పద్ధతిలో, 21 రోజుల గడువు, ఏమీ తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఆఫీసులో ఫైలు నెలల తరబడి మూలుగుతూ ఉండకూడదని పెట్టిన నిబంధన అది. రూల్ ప్రకారం లేని ప్లానుకి 22వ రోజు పొద్దున్నే రక్షణ వచ్చేయదు.

సుప్రీంకోర్టు మాటకొస్తే అందులో సగం నిజం ఉంది. 2020 చట్టం తప్పుడు సమాచారంతో పర్మిషన్ తెచ్చుకున్నా, ప్లాను తప్పి కట్టినా నోటీసు లేకుండానే కూల్చొచ్చంది, రిజిస్ట్రేషన్ విలువలో 25 శాతం జరిమానా కూడా పెట్టింది. తర్వాత 2024 నవంబరు 13న బుల్డోజర్ కేసులో సుప్రీంకోర్టు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని, యజమాని వాదన వినాలని చెప్పింది. మంచి తీర్పు, నోటీసు ఇవ్వకుండా ఇంటి మీదికి మెషీన్ పంపడం ఏ లెక్కన చూసినా అన్యాయమే. కానీ అదే తీర్పులో మినహాయింపులున్నాయి: రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నది లేదా నీటి వనరుల్లో ఉన్న అనధికార కట్టడాలకి, కోర్టే కూల్చమన్న వాటికి ఇది వర్తించదు. హైదరాబాద్ చుట్టుపక్కల తగాదాలు ఎక్కువ చెరువుల దగ్గరే కదా. 2012 రూల్స్ ప్రకారమే 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకి, కుంటలకి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ లెక్కలు అందరి నోటా వినిపిస్తున్నాయి గానీ హైడ్రా వీటిని కొత్తగా కనిపెట్టలేదు. పైగా నోటీసు ఇవ్వాలంటే కూల్చకూడదని కాదు, 15 రోజులు టైము వస్తుంది, అంతే.

ఓసీ అపార్ట్‌మెంట్లకే అన్నది తప్పు. 75 గజాల లోపు వాళ్ళకి అక్కర్లేదు, సరే. ఆ పైన విడి ఇళ్ళకీ ఓసీ ఉంది, 500 చదరపు మీటర్ల లోపు వాళ్ళకి అది కూడా సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదే వస్తుంది. ప్లాను ప్రకారం కట్టినవాడికి ఇందులో కష్టం లేదు, తప్పి కట్టినవాడే "ఓసీ ఎందుకులే" అంటాడు. 2024 డిసెంబరు 17న ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది: కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే ఇవ్వాలి, బ్యాంకులు కూడా దాన్ని సరిచూశాకే భవనం మీద అప్పు ఇవ్వాలి. కింద ఎంత గట్టిగా అమలవుతుందన్నది వేరే విషయం. పదేళ్ళ తర్వాత ఇల్లు అమ్మబోతే కొనేవాడి బ్యాంకు లాయరు మొదట అడిగేది మాత్రం ఈ కాగితమే.

ఇంటి పన్ను గురించి తొందరగా చెప్పేస్తాను. జీహెచ్ఎంసీ చట్టంలో 220-ఏ సెక్షన్ ఉంది. సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు డీవియేషన్ ఉంటే పన్ను మీద 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అసలు పర్మిషనే లేకపోతే 100 శాతం అదనం. అంటే మీరు గర్వంగా చూపించే ఆ పన్ను రసీదులో మీ ఇల్లు అక్రమం అన్న సంగతి లెక్కతో సహా ఉండొచ్చు! పన్ను కట్టించుకున్నంత మాత్రాన రెగ్యులర్ అవ్వదు. "బీఆర్ఎస్ వస్తుంది, అప్పుడు కట్టేద్దాం" అనేవాళ్ళకి (పార్టీ కాదు, అక్రమ కట్టడాలని రెగ్యులర్ చేసే స్కీము): అది 2015 అక్టోబరు 28కి ముందు కట్టినవాటికి పెట్టారు, హైకోర్టులో పడి ఆ అప్లికేషన్లే ఏళ్ళ తరబడి నానాయి. రాని స్కీముని నమ్ముకుని పెంట్‌హౌస్ వేయకండి.

మెసేజ్‌లో లేనిది ఒకటి చెప్పాలి, ప్లాటు సంగతి. ఇల్లు ఎంత పద్ధతిగా గీయించినా లేఅవుట్‌కి అనుమతి లేకపోతే అక్కడే ఆగుతుంది. 2020 ఆగస్టు 26కి ముందు రిజిస్టరైన అలాంటి ప్లాట్లకే ఎల్ఆర్ఎస్ (లేఅవుట్లని రెగ్యులర్ చేసే స్కీము) పెట్టారు. ఖాళీ స్థలాలు వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అదనం. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు "ఇప్పుడేం తొందర" అనుకున్నవాళ్ళు ఇల్లు మొదలుపెట్టే ముందు ఆ ఖర్చు కూడా బడ్జెట్లో రాసుకోవాలి. రిజిస్ట్రేషన్ అయింది కదా అంటారు, రిజిస్ట్రేషన్ జరిగితే అమ్మకం జరిగిందని రుజువు, లేఅవుట్‌కి అనుమతి ఉందని కాదు.

రెండు రాష్ట్రాలకీ ఒకటే అన్నది చదివి విజయవాడ నుంచి ఒకాయన ఫోన్ చేశారు, "మాకూ 75 గజాలేనా అండీ" అని. కాదు. బీపాస్ తెలంగాణ చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 బిల్డింగ్ రూల్స్, జీవో 119, వాటి మీద వచ్చిన సవరణలు నడుస్తాయి. అక్కడా సెల్ఫ్ సర్టిఫికేషన్ తెచ్చారు గానీ ఆ హద్దులు వేరు, పోర్టల్ వేరు. ప్లాటు ఆంధ్రలో ఉంటే అక్కడి పోర్టల్ ఏపీడీపీఎంఎస్‌లో చూసుకోవాలి, లేదా అక్కడ లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్‌ని అడగాలి. హైదరాబాద్‌లో ఉండి ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు ఇక్కడి ప్లానునే అక్కడ వాడేద్దామనుకుంటారు, ముందు ఆ ఊరి రూల్స్‌తో సెట్‌బ్యాక్‌లు మళ్ళీ వేయించండి.