పొడి గెంతులు

"డ్రై హాపింగ్" అనే మాట మా ఇంట్లో మొదటిసారి వినబడినప్పుడు మా ఆవిడ బెండకాయలు తరుగుతోంది. "హాపింగ్ అంటే గెంతడమే కదా? పొడిగా గెంతడమేంటి, తడిగా కూడా గెంతుతారా?" అంది. నేను పెద్దమనిషిలా నవ్వి ఊరుకున్నాను.

సియాటిల్‌లో ఉండే మా మేనల్లుడు సెలవులకి వస్తూ నాకోసం బీరులో వేసే హాప్స్ రెండు వెండిరంగు పొట్లాలు తెచ్చాడు. ఒక్కోటి 28 గ్రాములు. వాడక్కడ గ్యారేజీలో బీరు కాచుకుంటాడు. అమెరికాలో సొంతానికి ఇంట్లో బీరు కాచుకోవచ్చని 1978లోనే చట్టం చేశారట. మనకి 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా కాస్తే బీరు సీసాలోకి, మనం లోపలికి. పైగా మా ఎదురు ఫ్లాటాయన ఎక్సైజ్ శాఖలోనే రిటైరయ్యారు. పొద్దున్నే పేపరు కోసం తలుపు తీస్తే ముందు నాకు కనబడేది ఆయన ముక్కు.

అందుకని బీరు ఆశ వదులుకుని కొంబుచా దగ్గర ఆగాను. చక్కెర కలిపిన టీ డికాక్షన్‌లో ఒక జిగురు బిళ్ల వేసి, గుడ్డ కట్టి, వారం పది రోజులు వదిలేస్తే పుల్లటి పానీయం అవుతుంది. ఆ బిళ్లలో ఈస్టూ బాక్టీరియా కలిసి కాపురం చేస్తుంటాయి. ఆఫీసులో మిత్రుడొకడు ఇచ్చాడు. చూడడానికి అచ్చం ముదిరిన తాటిముంజె. అసలే మే నెల. మా అత్తగారు జాడీలోకి తొంగిచూసి, "ముంజెలు చెడిపోనాయేటి బాబూ, పారబోసీమంటారా?" అన్నారు.

ఇక హాప్స్ సంగతి. అవి ఒక తీగకి పూసే ఆకుపచ్చ పువ్వులు. ఆడ తీగకి పూసినవే పనికొస్తాయి. బీరుకి ఆ చేదు వాటి పుణ్యమే. మరిగేటప్పుడు వేస్తే చేదు దిగుతుంది కానీ సువాసన ఆవిరైపోతుంది. సాంబారు మరుగుతున్నప్పుడే కొత్తిమీర అంతా వేసేస్తే ఏమవుతుందో తెలుసుగా, అలాగే. దించాక పైన చల్లే కొత్తిమీర లాంటిదే ఈ డ్రై హాపింగ్. పులవడం అయ్యాక, మరిగించకుండా, చల్లటి దాంట్లో వేసి మూడు నాలుగు రోజులుంచి తీసేయాలి.

"లీటరుకి రెండు మూడు గ్రాములు చాలు మావయ్యా. బిళ్ల తీసేశాక వెయ్యి. పల్చటి గుడ్డలో మూటకట్టి వెయ్యి. ఎక్కువ రోజులుంచితే గడ్డి వాసనొస్తుంది. గ్యాసు పట్టకముందే వెయ్యాలి, మర్చిపోకు" అని చెప్పి వాడు అరకు వెళ్లిపోయాడు. చివరి వాక్యం తప్ప అన్నీ గుర్తుపెట్టుకున్నాను.

ఎందుకంటే నాకు నురగ మీద మోజు. పది రోజులయ్యాక బిళ్ల తీసేసి, టీని రెండు రెండు లీటర్ల కూల్ డ్రింక్ బాటిళ్లలో పోసి, తలో చెంచా చక్కెర వేసి, మూతలు బిగించేశాను. లోపల మిగిలిన ఈస్టు ఆ చక్కెర తిని గ్యాసు వదులుతుంది, గ్యాసు ఎటూ పోలేక టీలో కరుగుతుంది. చల్లటి దేశాల్లో దీనికి వారం పట్టచ్చు. విశాఖలో, ఎంవీపీ కాలనీలో, మే నెల ఉక్కపోతలో, గాలి ఆడని మా వంటింటి గట్టు మీద మూడో రోజుకే బాటిళ్లు క్రికెట్ బంతుల్లా గట్టిపడ్డాయి. అడుగులు ఉబ్బి సరిగ్గా నిలబడడం లేదు.

మా అత్తగారిది టెక్కలి వైపు. పులిసేవాటితో ఆవిడకి చిన్నప్పటి నుంచీ పరిచయం, తరవాణి కుండ మొదలుకొని. బాటిల్ని వేలితో నొక్కిచూసి, "కల్లు ముంతకెవులైనా బిరడా బిగిస్తారేటి బాబూ? నురగ పోడానికి దారుండాల" అన్నారు.

"ఇది సైన్సు అత్తయ్యగారూ" అన్నాను. ఈ మాట అన్నందుకు తర్వాత రెండుసార్లు క్షమాపణ చెప్పాను.

అప్పుడు గుర్తొచ్చాయి హాప్స్. పొట్లం కత్తిరించగానే పంపరపనస తొక్క గిల్లినట్టు గుప్పుమంది. రకం పేరు కాస్కేడ్. ఆ వాసన వెనకాల ఇంకో వాసన కూడా ఉంది, దాని సంగతి ఎదురింటాయన వచ్చాక చెప్తాను. పువ్వుల్ని పొడి చేసి, అదిమి గుళికలు చేస్తారు. చూస్తే కోళ్ల మేతలా ఉన్నాయి. గుడ్డలో మూటకట్టాను, బాటిల్ మెడలో పట్టలేదు. మూట విప్పేశాను. తూకం వేద్దామంటే త్రాసు లేదు. సగం పొట్లం ఒక బాటిల్‌కి, సగం రెండోదానికి అని కంటితోనే పంచాను. పద్నాలుగు గ్రాములన్నమాట, ఐదారు చాలిన చోట.

మూత మెల్లగా తిప్పాను. బుస్సుమంది. గ్యాసంతా పోయిందనుకుని, పేపరు పొట్లం చుట్టి గరాటులా పెట్టి, గుళికలన్నీ ఒక్కసారిగా దించాను.

ఒక సెకను ఏమీ జరగలేదు. ఆ సెకనులో నాకు చాలా గర్వంగా అనిపించింది.

కరిగి ఉన్న గ్యాసుకి బయటపడాలంటే బుడగ కట్టడానికో గరుకు చోటు కావాలట. గుళికకి ఒంటినిండా గరుకే, నీళ్లలో పడితే పొడిపొడిగా విచ్చుకుని ఇంకా గరుకు. పిల్లలు కూల్ డ్రింకులో పిప్పరమెంటు బిళ్లలు వేసి పరిగెత్తే వీడియోలు అందరూ చూసినవే. తేడా ఏంటంటే పిల్లలు పరిగెత్తుతారు, నేను వంగి లోపలికి చూస్తున్నాను.

ఆకుపచ్చ నురగ నా కళ్లద్దాలు దాటి, ఫ్యాను దాటి, సీలింగుని తాకింది. కంగారులో అరచేత్తో మూతిని మూశాను. మీరెప్పుడూ ఆ పని చేయకండి. పైకి పోతున్నది పక్కలకి తిరిగి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మీద, పొయ్యి మీద, పొద్దుటికని రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండి మీద పడింది. శబ్దానికి పరిగెత్తుకొచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేనా పొడిగా గెంతడం?" అంది. తర్వాత, త్వరగా ఆరుతుందని, ఫ్యాను వేసింది.

అంతవరకు గోడలు బాగానే ఉన్నాయి.

కాలింగ్ బెల్లు మోగింది. ఎదురింటాయన, చేతిలో పామెరేనియన్ కుక్కతో. అది కిందికి దూకి నేల నాకబోయింది. హాప్స్ కుక్కలకి విషం. నేను గావుకేక పెట్టి దాన్ని ఎత్తి ఆయన చేతిలో కుక్కాను. ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే ముక్కు ఎగబీల్చారు. "గంజాయా?" అన్నారు, కాఫీయా అన్నంత మామూలుగా.

ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి పట్టుబడిందని పేపర్లో తరచూ చూసే ఊరు మాది. నాకు చెమటలు పట్టాయి. "కాదండీ, గంజాయికి చుట్టం. రెండు మొక్కలూ ఒకే కుటుంబం" అన్నాను. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. నిజం చెప్పడానికి కూడా ఒక సమయం ఉంటుందిగా.

ఆయన వంగి, తడిసిన ముద్దని రెండు వేళ్లతో తీసి నలిపి, వాసన చూసి, మొహం వెలిగించారు. "హాప్స్! బ్రూవరీలో డ్యూటీ చేశానయ్యా నేను, నాలుగేళ్లు. బీరేనా?"

"కొంబుచా అండీ. టీ."

"మరి గ్యాసెక్కాక వేశారేం?" అన్నారు, బీరు కాయలేదన్న నిరాశ దాచుకోకుండా.

రెండో బాటిల్ విచారణాధికారి ఆయనే అయ్యారు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టించారు, చల్లటిదాంట్లో గ్యాసు కుదురుగా ఉంటుందని. మర్నాడు జాడీలో వంపి గ్యాసు పోనిచ్చి, ఐదు గ్రాములు మూటకట్టి వేశారు. మూడో రోజు వడగట్టి నలుగురం బాల్కనీలో తాగాం. పంపరపనస ముందు, గొంతు దిగాక సన్నటి చేదు. నిజంగా బాగుంది, నేను చేయలేదు కాబట్టి చెప్తున్నాను. మా అత్తగారు మాత్రం ఒక గుక్క తాగి, "తరవాణి నయం" అని గ్లాసు కింద పెట్టేశారు.

"రెండో పొట్లం అలాగే ఉందిగా, మళ్లీ ఎప్పుడు పెడదాం?" అన్నారు ఎదురింటాయన ఉత్సాహంగా.

మా ఆవిడ సీలింగు వైపు చూసి అడిగింది: "మీ వంటింట్లో ఫ్యానుందా, అన్నయ్యగారూ?"