తుమ్మి మొలిచే గట్టును బతకనివ్వండి

వినాయక చవితి వస్తోందంటే హైదరాబాద్ మార్కెట్లలో పత్రి పక్కనే తుమ్మికూర కుప్పలు కనిపిస్తాయి. తెలంగాణలో చాలా ఇళ్లలో ఉండ్రాళ్లు, పులిహోర ఎన్ని చేసినా ఆ రోజు తుమ్మికూర వండాల్సిందే. ఆ ఆకును ఎవరూ సాగు చేయరు. వానలు పడ్డాక బీళ్లలో, చేల గట్ల మీద, గడ్డి మధ్య దానంతట అదే మొలుస్తుంది. అలాంటి చోట్లే ఇప్పుడు కరువవుతున్నాయి.

తుమ్మి జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు పెరుగుతుంది. తులసి కుటుంబానిదే కాబట్టి కాడ పలకలుగా ఉంటుంది, ఆకు గరుకు. కణుపు కణుపుకూ ఓ ఆకుపచ్చ గుత్తి, అందులోంచి తెల్లటి పూలు. పువ్వు పై పెదవికి సన్నని నూగు ఉంటుంది. కింది పెదవి వెడల్పుగా పరుచుకుని తేనెటీగ వాలడానికి చోటిస్తుంది. మెల్లగా లాగితే పువ్వు ఇట్టే ఊడి వస్తుంది, దాని అడుగున చిన్న తేనె చుక్క. పశువుల వెంట తిరిగిన పిల్లలకు ఆ తీపి బాగా తెలుసు.

ఈ పూలతో శివుణ్ని పూజిస్తారు. కేరళలో ఓనం పూల ముగ్గులో ఈ తెల్లపూలకే పెద్దపీట. లేత ఆకును పెసరపప్పుతో వండితే కాస్త చేదుగా, కమ్మగా ఉంటుంది. జలుబు చేస్తే ఆకు రసం వాడటం, దోమలకు ఎండు మొక్కతో పొగ వేయడం పల్లెల్లో పాత అలవాటే. పాముకాటుకూ ఈ రసం పోసేవారు. అది మాత్రం ఇక వద్దు. పాము కరిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే వెళ్లాలి. మొక్కను గౌరవించడమంటే అది చేయలేని పనిని దానిపై మోపడం కాదు.

ప్రభుత్వ లెక్కల్లో గడ్డి నేలలకు విలువ లేదు. దేశంలోని బంజరు భూముల పటాల్లో పొదలు, గడ్డి ఉన్న నేలలను కూడా వృథా భూముల కిందే చూపుతున్నారు. వృథా అని రాసిన భూమిని ప్లాట్లకో, ప్లాంట్లకో ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. మిగిలిన గట్ల మీద గడ్డిమందు పడుతోంది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (మందులు కొట్టే లైసెన్సు ఉన్నవారి) ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఊళ్లలో ఆ షరతు పట్టించుకునేవారేరీ? కూలీలు దొరకని రైతు మందు డబ్బా పట్టుకోవడం అర్థం చేసుకోదగిందే. కానీ పంట లేని గట్టును కూడా మాడ్చాల్సిన అవసరం ఏముంది? పైగా మందు పడిన చోట కోసిన తుమ్మి పండుగనాడు పిల్లల కంచంలోకి వస్తే? ఈ టెన్షన్ కొనేవాళ్లకూ ఉంది, కోసి అమ్మి నాలుగు రూపాయలు సంపాదించుకునే ఆడవాళ్లకూ ఉంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసిన దళిత మహిళా రైతులు, విత్తకుండానే చేలల్లో మొలిచే ఆకుకూరలను ఏళ్ల తరబడి గుర్తించి, వండి, లోకానికి చూపించారు. మనం కలుపు అని పీకేసేది వాళ్లకు కూర. వానాకాలంలో చేతిలో డబ్బు లేని ఇంటిని ఆదుకునేది అదే. ఆ జ్ఞానాన్ని వ్యవసాయ శాఖ తన సలహాల్లో ఎందుకు చేర్చదు?

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి మొక్కలు, వాటి వాడకం గురించి పెద్దల్ని అడిగి రిజిస్టర్‌లో నమోదు చేయాలి. ఆ రిజిస్టర్ బీరువాలో ఉంటే లాభం లేదు. తుమ్మి ఏ సర్వే నంబర్ బీట్లో, ఏ బాట పక్కన మొలుస్తుందో అందులో రాయాలి. ఆ చోట్ల గడ్డిమందు కొట్టకూడదని గ్రామసభ తీర్మానించాలి. భూమి కేటాయించే ముందు రెవెన్యూ అధికారులు ఆ పేజీ తెరిచి చూడాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి. వచ్చే తొలకరిలోగా ఈ పని పూర్తి చేయడం కష్టమేమీ కాదు.