ముద్దాయి: పుట్టిన తేదీ

ప్రసూతి మరణాల మీద దర్యాప్తు ముగిసింది. దోషి తల్లి వయసు. సాక్ష్యం గట్టిదే. ముప్పు 20ల్లో అన్నిటికన్నా తక్కువ, అంతకు ముందు కొంత ఎక్కువ. 35 దాటితే పెరుగుతుంది, 40 దాటాక నిటారుగా లేస్తుంది. అమెరికాలో 2021లో (అది కోవిడ్ ఏడాది లెండి) లక్ష సజీవ జననాలకు పాతికేళ్లలోపు తల్లులు 20 మంది చనిపోతే, 40 నిండినవారు 138 మంది. ఆ వయసులో రక్తపోటు, మధుమేహం, మాయ (ప్లసెంటా) గర్భసంచిలో మరీ కిందికి ఉండడం వంటివి ఎక్కువ.

కాబట్టి స్త్రీలు చేయవలసింది సులువే. మరీ చిన్నప్పుడు కనకూడదు, ఆలస్యంగానూ కనకూడదు. చదువు, ఉద్యోగం, నచ్చిన మనిషి, పెద్దల అనుమతి అన్నీ కుదిరాక మధ్యలో మిగిలిన సెలవుల్లో కనాలి. 35వ పుట్టినరోజు ముందు రాత్రి క్షేమంగా పడుకున్న గర్భిణి తెల్లారేసరికి ‘హైరిస్క్’ అవుతుంది. రక్తనాళాలకు క్యాలెండర్ చూడడం ఎవరు నేర్పారో!

ఒక చిన్న చిక్కుంది. చనిపోయే తల్లుల్లో ఎక్కువమంది ఆ భద్రమైన వయసువారే, ఎక్కువమంది కనేది అప్పుడే కనుక. 2023లో ప్రపంచమంతటా గర్భంతోనో, ప్రసవంలోనో, తర్వాతి 42 రోజుల్లోనో సుమారు 2,60,000 మంది పోయారు. పదిమందిలో తొమ్మిది మంది పేద, దిగువ మధ్యాదాయ దేశాలవారు. నైజీరియాలో అన్ని వయసులూ కలిపి లక్ష జననాలకు 993 మరణాలు. ఈ లెక్కన అక్కడి పాతికేళ్ల అమ్మాయి అమెరికాలోని 40 ఏళ్ల తల్లికన్నా వయసు మీరినట్టే. దర్యాప్తు అధికారులు దీన్ని పరిశీలించలేదు, ఫైలు అప్పటికే మూసేశారు.

ప్రసవం తర్వాత రక్తస్రావాన్ని అరికట్టే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే మందు బలం తగ్గుతుంది, సీసా మాత్రం చూడడానికి అలాగే ఉంటుంది. ఆ ఇంజెక్షనే ఇస్తారు. రక్తం ఆగదు. పెద్దాసుపత్రి దూరం, వాహనం రాలేదు, ఆ గ్రూపు రక్తం నిల్వ లేదు. కేసు షీటులో తల్లి వయసుకు పైనే ఒక గడి ఉంది, నీలి సిరాతో స్పష్టంగా నింపారు. ఫ్రిజ్ వయసుకు గడి లేదు.

దానికీ ఒక గడి చేర్చాలని మనవి చేస్తే, కమిటీ వేస్తామన్నారు. సభ్యులుగా తగినంత వయసున్నవారినే తీసుకుంటారట. నివేదిక వచ్చేదాకా తల్లులు పుట్టిన తేదీని తప్పుల్లేకుండా రాసి, కింద సంతకం పెట్టగలరు.