బాల్‌కి హోల్స్ వేసేముందు మన చెయ్యి ఎట్లా తిరుగుతుందో చూడాలి కదన్నా

మొన్న ఆదివారం సాయంత్రం తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే చిత్తూరు తమ్ముడొకడు ఫోన్ తీసి చూపించాడు. కొత్త బౌలింగ్ బాల్ కొన్నాడు (క్రికెట్‌ది కాదు, లేన్ మీద దొర్లించి పది పిన్నుల్ని పడగొట్టే ఆటది), ఇంకా వేళ్ళు పెట్టుకునే హోల్స్ వేయించలేదు. ఎవరో అమెరికా ప్రొఫెషనల్ తన బాల్‌కి వేయించుకున్న లేఅవుట్ నంబర్లు, అంటే హోల్స్ ఎక్కడ వెయ్యాలో చెప్పే కొలతలు దొరికాయట, అచ్చంగా అవే వేయించుకుంటానన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక మాట అన్నారు. పిన్ అప్ (బాల్ మీదుండే పిన్ అనే చుక్క వేళ్ళ హోల్స్‌కి పైన ఉండేలా) వేయించమని ఒకరు, పిన్ డౌన్ (కింద) అయితే ముందే తిరుగుతుందని ఇంకొకరు, అసలు లేఅవుట్ అనేదే డ్రిల్లర్లు డబ్బుల కోసం చెప్పే కథ అని మూడో మనిషి. "నీ పీఏపీ ఎంత తమ్ముడూ?" అని ఒక్కరూ అడగలేదు.

ఆ పిల్లోడికి పీఏపీ (మనం వదిలిన బాల్ ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో చెప్పే చోటు) అంటే ఏంటో తెలీదు. అది వాడి తప్పు కాదు. మూడేళ్ళ కిందట నాకూ తెలీదు, నన్నూ ఎవరూ అడగలేదు. అందుకే ఇంత పొడుగు పోస్ట్ రాస్తున్నా. కొలతలు తీసుకోకుండా జాకెట్ కుట్టే టైలర్ దగ్గరికి మన ఇంట్లో ఆడవాళ్ళు రెండోసారి వెళ్తారా? మరి ఇరవై వేలు పోసి కొన్న బాల్‌ని కొలత లేకుండా డ్రిల్ మెషిన్ కింద ఎట్లా పెడతాం?

నా సంగతి చెప్తా. మూడేళ్ళ కిందట మొదటి రియాక్టివ్ బాల్ (లేన్‌ని గట్టిగా పట్టి వంపు తిరిగే రకం) కొన్నా. 15 పౌండ్లు, అంటే ఏడు కిలోలకు కొంచెం తక్కువ. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వేరే ఊరు వెళ్ళా. ఊరి పేరు, షాపు పేరు రాయను, ఇప్పుడు దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అక్కడి డ్రిల్లర్ నా చెయ్యి మాత్రం బాగానే కొలిచాడు. స్పాన్ (బొటనవేలి హోల్‌కీ మిగతా వేళ్ళ హోల్స్‌కీ మధ్య దూరం) చూశాడు, బొటనవేలు దూర్చి చూశాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "పిన్ అప్పా, పిన్ డౌనా?" ఎక్కడో విన్న ముక్క చెప్పేశా, పిన్ అప్ అని. "సూపర్, స్ట్రెయిట్‌గా పోయి చివర్లో కొడుతుంది" అన్నాడు. అరగంటలో పని అయిపోయింది. నేను ఒక్క బాల్ వెయ్యడం కూడా ఆయన చూడలేదు.

చెన్నై వెళ్ళి ఆ బాల్‌తో ఆడితే జరిగింది పూర్తిగా వేరు. లేన్ మధ్యలోనే తిరగడం మొదలుపెట్టేది. పిన్నుల దగ్గరికి వచ్చేసరికి దాంట్లో ప్రాణం ఉండేది కాదు. పాకెట్‌లోనే (ముందున్న హెడ్ పిన్‌కీ దాని పక్క పిన్‌కీ మధ్య సందులోనే) తగిలేది, తొమ్మిది పిన్నులు పడేవి, కుడి మూల పదో పిన్ను కదలకుండా నిలబడేది. దాని పక్కన ఆరో పిన్ను గట్టర్‌లో (లేన్ పక్క కాలవలో) నీరసంగా పడుకునేది. గేమ్ తర్వాత గేమ్ ఇదే. ఇంకో సంగతి, బాల్ లేన్ మీద పోతుంటే టక్, టక్, టక్ అని చప్పుడు. నేను అది లేన్ లోపమనుకున్నా. కాదు, నా బాల్ తన హోల్స్ మీద తనే దొర్లుతోంది. ఆరు నెలలు నా చేతిదే తప్పనుకుని మణికట్టు మార్చా, అడుగులు మార్చా, నిద్ర పాడుచేసుకున్నా.

అసలు విషయం అర్థం కావాలంటే బాల్ లోపల ఏముందో తెలియాలి. బయట నున్నగా గుండ్రంగా కనిపిస్తుంది గానీ లోపల కోర్ అని బరువైన ముక్క ఉంటుంది, ఒక్కో బాల్‌లో ఒక్కో ఆకారం. ఆ కోర్ తల ఎటు ఉందో చెప్పే చిన్న రంగు చుక్కే బాల్ మీద కనిపించే పిన్. ఇక మనం బాల్ వదిలినప్పుడు అది ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఆ ఇరుసు బాల్ పైకి వచ్చే చోటే పాజిటివ్ యాక్సిస్ పాయింట్, అదే పీఏపీ. కోర్ కంపెనీది, ఇరుసు మనది. ఇది చేతిరేఖ లాంటిది, పక్కవాడిది మనకు సరిపోదు. ఈ రెంటినీ ఎంత దూరంలో పెట్టాలో నిర్ణయించడమే లేఅవుట్.

చిన్నప్పుడు బొంగరం తిప్పినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బొంగరం నిటారుగా ఉంటే ఉన్నచోటే నిద్రపోతున్నట్టు తిరుగుతుంది. వాలిందంటే తల ఊపుకుంటూ చుట్టూ నడక మొదలుపెడుతుంది. కోర్ కూడా అంతే. పిన్ సరిగ్గా పీఏపీ మీదే ఉంటే కోర్ నిలబడినట్టు. బాల్ చుట్టుకొలత దాదాపు 27 ఇంచులు, అందులో పావు 6 3/4. పిన్ పీఏపీకి అంత దూరంలో ఉంటే కోర్ పడుకున్నట్టు. ఈ రెండు చోట్లా బాల్ నిలకడగా తిరుగుతుంది. సరిగ్గా మధ్యలో, అంటే 3 3/8 ఇంచుల దగ్గర పెడితే కోర్ వాలుగా ఉంటుంది, అక్కడ ఊగడం అన్నిటికంటే ఎక్కువ. బాల్ దొర్లేకొద్దీ ఇరుసు పక్కకు జరుగుతూ పోతుంది. దీన్నే ట్రాక్ ఫ్లేర్ అంటారు.

ఫ్లేర్‌తో మనకేం పని? లేన్ ఫౌల్ లైన్ (మనం దాటకూడని గీత) నుంచి హెడ్ పిన్ దాకా 60 అడుగులు. మామూలుగా మొదటి 40 అడుగుల వరకు నూనె పూస్తారు, చివరి 20 అడుగులు పొడిగా ఉంటుంది. నిమిషానికి 300 చుట్లు తిప్పే మనిషి వేసిన బాల్ రెండున్నర సెకన్లలో పిన్నుల దగ్గరికి పోతుంది. అంటే మొత్తం పన్నెండు, పదమూడు చుట్లే. ఫ్లేర్ లేకపోతే ప్రతి చుట్టూ అదే గీత మీద, అప్పటికే నూనె అంటిన చోటే తిరుగుతుంది. ఫ్లేర్ ఉంటే ప్రతి చుట్టుకూ కొత్త, పొడి చర్మం లేన్‌కి తగులుతుంది, పట్టు దొరుకుతుంది. మీ బాల్ వెనక్కి రాగానే తుడవకుండా లైటు కింద తిప్పి చూడండి. నూనె గీతలు ఒకదాని పక్కన ఒకటి విసనకర్ర మడతల్లా విచ్చుకుని, రెండు చోట్ల ఒక్క బిందువుకి దగ్గరపడి కనిపిస్తాయి. మొదటి గీతకీ చివరి గీతకీ మధ్య వెడల్పు ఎక్కువుంటే ఫ్లేర్ ఎక్కువ. నేను ఆరు నెలలు ఆ గీతల్ని చదవకుండా టవల్‌తో తుడిచేశా. ఇప్పటికీ బాధేస్తుంది.

ఆఖరికి చెన్నైలోనే ఇంకో డ్రిల్లర్ దగ్గరికి పోయా. పెద్దాయన, వాళ్ళది పుత్తూరు వైపు, తమిళం కలిసిన తెలుగు. నేను కథ మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టి "ముందు పది బాల్స్ వెయ్ తమ్ముడూ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. వేశా. వెనక నిలబడి చూశాడు. మొదటి నూనె గీతను తెల్ల పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఆర్మడిల్లో అనే వంపు తిరిగిన ప్లాస్టిక్ కొలబద్ద దాని మీద ఆనించి ఒక చుక్క పెట్టాడు. ఆ చుక్క మీద తెల్ల టేప్ ముక్క అంటించి మళ్ళీ వెయ్యమన్నాడు. చెయ్యి వదిలిన క్షణంలో ఆ టేప్ ఊగకుండా ఒకేచోట కనిపిస్తే కొలత సరైనట్టు. రెండో ప్రయత్నంలో ఊగలేదు. గ్రిప్ మధ్య నుంచి కుడికి 4 ఇంచులు, పైకి అర ఇంచి. అదీ నా పీఏపీ.

"నీ చెయ్యి తీరు వేరు తమ్ముడూ. చాలామందికి ఐదు, ఐదుంపావు ఉంటుంది. ఆ లెక్కన వేసేశారు."

అక్కడ నాకు కళ్ళు తెరుచుకున్నాయి. పిన్ ఉంగరపు వేలి హోల్ పైన పెడితే, పీఏపీ ఐదుంపావు ఉన్న మనిషికి పిన్‌కీ పీఏపీకీ మధ్య దూరం దాదాపు 4 3/4 వస్తుంది. ఫ్లేర్ తక్కువ, బాల్ దూరం పోతుంది. అదే హోల్స్, అదే పిన్, నాకొచ్చిన దూరం 3 3/4. అంటే అత్యధిక ఫ్లేర్ ఇచ్చే చోటికి చాలా దగ్గర. ఫ్లేర్ అంత వెడల్పుగా విచ్చుకుని హోల్స్ మీదికి ఎక్కింది. టక్ టక్ చప్పుడు అదే. నాకేమో వేగం తక్కువ, గంటకు 15 మైళ్ళు. అంత తొందరగా పట్టు దొరికితే బాల్ బలమంతా దారిలోనే ఖర్చు. పాకెట్‌లోకి ఆరు డిగ్రీల వాలులో రావాలని చెప్తారు, నాది దాదాపు తిన్నగా వచ్చి తగిలేది.

అందుకే పిన్ అప్, పిన్ డౌన్ అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. పిన్ వేళ్ళకు పైన ఉందో కింద ఉందో మాత్రమే అది చెప్తుంది. మన ఇరుసుకు ఎంత దూరమో చెప్పదు. ఒకే పిన్ అప్ నాకొక బాల్, నా ఫ్రెండ్‌కి ఇంకో బాల్. పేరుమోసిన కోర్ డిజైనర్ మో పినెల్ ప్రచారంలోకి తెచ్చిన డ్యూయల్ యాంగిల్ పద్ధతిలో మూడు నంబర్లుంటాయి: డ్రిల్లింగ్ యాంగిల్, పిన్ నుంచి పీఏపీ దూరం, వీఏఎల్ (పీఏపీ మీదుగా గీసే నిలువు గీత) యాంగిల్. మొదటి కోణం చిన్నదైతే బాల్ తొందరగా లేస్తుంది (వంపు తిరగడం మొదలుపెడుతుంది), మూడోది చిన్నదైతే హుక్ (వంపు) నుంచి రోల్‌లోకి (దొర్లడంలోకి) చురుగ్గా మారుతుంది. ఈ మూడింట్లో పీఏపీ లేకుండా కొలవగలిగేది ఒక్కటి చెప్పండి. లేదు! మరి పీఏపీ తెలియని మనిషి ప్రొఫెషనల్ నంబర్లు కాపీ కొట్టి ఏం చేసుకుంటాడు?

"తేడా వస్తే వెయిట్ హోల్ వేసి సరిచేద్దాంలే" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. బ్యాలెన్స్ హోల్ అన్నా అదే, బరువు సరిచేయడానికి వేసే అదనపు హోల్. ఆ కాలం పోయింది. 2020 ఆగస్టు 1 నుంచి యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంస్థ) బ్యాలెన్స్ హోల్స్‌ని నిషేధించింది. పట్టుకోవడానికి వాడని హోల్ బాల్ మీద ఉండకూడదు. అంటే మొదటిసారి వేసే హోల్సే ఆఖరి మాట. తప్పితే ప్లగ్ చేయించి మళ్ళీ డ్రిల్ చేయించాలి, అదంతా డబ్బు. నేను చేయించింది అదే. పాత హోల్స్ పూడ్చి, పిన్ నుంచి పీఏపీకి 5 ఇంచుల దూరం పెట్టించుకున్నా.

ఇప్పుడు లేఅవుట్ బోగస్ అనే అన్నలకు కూడా ఒక మాట. మీరు చెప్పేదాంట్లో సగం నిజముంది, దాన్ని నేను దాచను. హోల్స్ మార్చాక టక్ టక్ ఆగింది, ఫ్లేర్ తగ్గింది, కానీ బాల్ ఇంకా నాకు కావాల్సినదానికంటే ముందే లేస్తోంది. పెద్దాయన బాల్ తీసుకుని, 1000 నంబర్ ప్యాడ్ (బాల్ పైచర్మం రుద్దే గరుకు గుడ్డ లాంటిది) గరుకు మీదున్న దాన్ని 3000 ప్యాడ్‌తో నున్నగా చేశాడు. ఐదు నిమిషాల పని. ప్లగ్గింగ్ కంటే అదే ఎక్కువ మార్పు తెచ్చింది, నా కళ్ళతో చూశా. యూఎస్‌బీసీ చేసిన బాల్ మోషన్ స్టడీలో కూడా బాల్ నడకను అన్నిటికంటే ఎక్కువ మార్చేది పైచర్మం గరుకుదనమేనని తేలింది. కాబట్టి బాల్ సరిగ్గా తిరగట్లేదని ఏడ్చే ముందు ప్యాడ్ తీయండి. కానీ ప్యాడ్‌తో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, హోల్‌ని అంత తేలిగ్గా మార్చుకోలేం. తేలిగ్గా మార్చలేని దాన్ని ముందు కొలవాలనే నేను గొంతు చించుకునేది.

ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం ఈ నంబర్ల టెన్షన్ అస్సలు పెట్టుకోకండి. రిలీజ్ కుదురుకునే దాకా పీఏపీ నెలనెలా మారుతుంటుంది. మామూలు ప్లాస్టిక్ బాల్ తీసుకోండి, దాని కోర్‌కి ఫ్లేర్ ఇచ్చే శక్తి దాదాపు ఉండదు, లేఅవుట్ ఎట్లా వేసినా ఒకటే. డబ్బంతా ఫిట్ మీద పెట్టండి. స్పాన్ ఎక్కువైతే బాల్‌ని నొక్కి పట్టుకుంటాం, నొక్కితే బొటనవేలు ఆలస్యంగా వస్తుంది, ఇక ఏ లేఅవుటూ కాపాడదు. మే నెలలో తిరుపతి నుంచి చెన్నై దాకా బస్సులో పోయి దిగేసరికి నా బొటనవేలు ఉబ్బి ఉంటుంది, హోల్‌లో టేప్ ఒక పొర తీస్తే గానీ దూరదు. అట్లాంటి చిన్న విషయాలు ఎవరూ చెప్పరు, కానీ స్కోరు పోయేది అక్కడే.

చిత్తూరు తమ్ముడికి ఆదివారమే చెప్పా, డబ్బాలోనే ఉంచరా, ఎవరు తొందరపెట్టినా మెషిన్ కింద పెట్టొద్దని. వచ్చే శనివారం ఇద్దరం చెన్నై పోతున్నాం. వాడి పాత బాల్‌తో పది బాల్స్ వేయించి, గీతలు చూసి, టేప్ అంటించి కొలుస్తాం. ఆ తర్వాతే పెద్దాయన దగ్గరికి. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు వైపు ఇంకెవరైనా కొత్త బాల్ కొని డ్రిల్లింగ్ చేయించకుండా ఉంటే కామెంట్ పెట్టండి, కలిసి పోదాం. నా బ్యాగులో తెల్ల టేప్ చుట్ట, పెన్సిల్ ఎప్పుడూ ఉంటాయి. ఒక్కొక్కరికి అరగంట కూడా పట్టదు. బాల్‌ని మాత్రం నేను చెప్పేదాకా తుడవకండి.