బోల్ట్-ఆన్ హెడర్ గారికి ఒక బహిరంగ లేఖ

ఇంజిన్ పొగను బయటికి మోసే గొట్టాల గుత్తి, మహారాజశ్రీ ఎగ్జాస్ట్ హెడర్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, ఇక్కడ కుశలంగా ఉన్నది తమరొక్కరే. నా కుడిచేతి కణుపుల మీద తోలు లేచిపోయింది. శనివారం మధ్యాహ్నమంతా గరాజులోనే తెల్లారిపోయింది. సాయంత్రం స్నేహితుల గృహప్రవేశానికి మా పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఎంజీబీలోనే వస్తామని ఊరంతా చాటింపు వేసుకున్నాం. చివరికి మా ఆవిడ మినీవ్యాన్ తాళాలు తీసుకుని, నోరు విప్పకుండా వెళ్లి కూర్చుంది. ఆవిడ ఏమీ అనకపోవడమంటే ఏమిటో పెళ్లైనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తమరు దయచేసిన పెట్టె మీద ‘బోల్ట్-ఆన్’, అంటే బోల్టులు బిగిస్తే చాలు, అని పెద్ద అక్షరాలు. దాని కింద ‘మార్పులేమీ అక్కర్లేదు’ అని చిన్న అక్షరాలు. లోపల ఎలా బిగించాలో చెప్పే కాగితం మాత్రం లేదు. ఇంత సులువైన పనికి కాగితం దండగ అనుకున్నారు కాబోలు.

చిన్నాచితకా విషయాలు ముందే క్షమించేశాను. ఈ కార్లు ఇంగ్లండులో అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో పుట్టాయి. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైతే, చాలా భాగం ఓడెక్కి అమెరికాకే వచ్చాయి. అమెరికాకి వచ్చాయంటే స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఎగ్జాస్ట్ కూడా ఆ ఎడమవైపే. ఈ సంగతి తమరి గొట్టాలను వంచిన మహానుభావుడికి ఎవరూ చెప్పినట్టు లేదు. స్టీరింగ్ రాడ్డుకీ తమరికీ మధ్య వేలు కూడా పట్టదు. క్లచ్ వదిలి ఇంజిన్ ఒక్కసారి ఊగితే ‘టంగ్’మంటుంది. సరే, గంట కొట్టకుండా ఏ శుభకార్యమూ మొదలవదు కదా అని సర్దుకున్నాను.

గుర్రాల సంగతీ అడగను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్తలో ఈ 1798 సీసీ ఇంజిన్‌ది 95 హార్స్‌పవర్. తరవాత కాలుష్యం నిబంధనల దెబ్బకి అమెరికా కార్లలో అవి క్రమంగా తగ్గుతూ వచ్చాయి. పోయిన వాటిని తమరు వెనక్కి తోలుకొస్తారని ప్రకటనలో రాశారు. అసలు ఈ హెడ్‌లో, అంటే ఇంజిన్ పైభాగంలో, పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ దారులే మూడు. ఒకటో సిలిండర్‌కి ఒకటి, నాలుగో దానికి ఒకటి, మధ్యలో ఉన్న రెండూ మూడూ ఉమ్మడి కాపురం. ఆ కాపురాన్ని గొట్టం మార్చి బాగుచేసినవాడు లేడు. అయినా పోనీ అనుకున్నాను.

ఫ్లాంజి, అంటే తమరిని హెడ్‌కి ఆనించి బిగించే పళ్లెం, దాని సంగతి మాత్రం పోనీ అనుకోలేను.

ఈ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లేదీ, పొగ బయటికి వచ్చేదీ ఒకే వైపు నుంచి. ఇన్‌టేక్ ఫ్లాంజి, ఎగ్జాస్ట్ ఫ్లాంజి పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య స్టడ్, అంటే హెడ్‌లోకి దిగిన మరల కడ్డీ. స్టడ్ మీద ఒక మందపాటి పెద్ద వాషర్, సగం ఇటు, సగం అటు. పైన నట్టు. నట్టు బిగిస్తే ఆ ఒక్క వాషర్ రెండింటినీ సమానంగా నొక్కాలి. సమానంగా నొక్కాలంటే రెండు ఫ్లాంజీల మందమూ ఒకటే ఉండాలి. ఇందులో ఇంజినీరింగ్ ఏమీ లేదు, ఐదో తరగతి లెక్క.

తమరి ఫ్లాంజి పలచన. ఇన్‌టేక్ ఫ్లాంజి మందం. కార్బొరేటర్లు రెండూ ఊడదీసి, హీట్ షీల్డ్ పక్కన పెట్టి, కొత్త గాస్కెట్ వేసి, అన్నీ మళ్లీ ఎక్కించి, అర అంగుళం స్పానర్‌తో అటుదిటు ఇటుదటు కొద్దికొద్దిగా బిగించాక టార్చి వేసి చూశాను. వాషర్ ఇన్‌టేక్ అంచు మీద దర్జాగా కూర్చుంది. తమరి వైపు గాల్లో ఉంది. సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో సన్నటి రేకు తీసి కిందకి తోశాను, దూరింది. దానికంటే మందం రేకు తోశాను, అదీ దూరింది. ఇంకా బిగిద్దామా? బిగిస్తే వాషర్ వంగుతుంది. ఇంకా బిగిస్తే స్టడ్ హెడ్‌లోంచి మరలతో సహా ఊడి వస్తుంది. ఏభై ఏళ్ల పోత ఇనుము అది, కొత్త మరలు ఎవడు వేస్తాడు?

స్టార్ట్ చేశాను. మొదటి నిమిషం అద్భుతం. మా ఆవిడ కూడా పట్టుచీరలో గరాజు తలుపు దాకా వచ్చి తొంగిచూసింది. తరవాత ఇనుము కాస్త వేడెక్కింది. టిక్. టిక్ టిక్. టిక్ టిక్ టిక్. ఆ సందులోంచి పొగ కారుతోందన్నమాట. యాక్సిలరేటర్ నొక్కితే మా అమ్మమ్మ కుట్టుమిషన్ పండగ ముందురోజు నడిచినట్టు నడిచింది. వదిలితే వెనక నుంచి ఫట్, ఫట్. ఆవిడ తాళాలు తీసుకున్నది అప్పుడే.

చిన్నప్పుడు మా పెదనాన్నకి పెట్రోల్ అంబాసిడర్ ఉండేది. అందులోదీ ఈ బి-సిరీస్ ఇంజినే, 1489 సీసీది, అంటే మన ఎంజీబీకి స్వయానా అన్న. దానికి ఇలాంటి జబ్బు వస్తే విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ గొంతుక్కూర్చుని, ఫ్లాంజి మీద బొటనవేలు రాసి చూసి, “గ్రైండింగ్ పట్టించేద్దాం బాబూ, మీరు టీ తాగి రండి” అనేవాడు. టీ చల్లారే లోపు పని అయ్యేది. ఇక్కడ డాలస్‌లో మెషిన్ షాపుకి ఫోన్ చేస్తే వచ్చే నెలలో ఏ రోజు వీలవుతుందో చెప్పమన్నారు.

అప్పుడు తమరిని అమ్మిన పుణ్యాత్ములకి ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను. అవతల కుర్రాడు నవ్వి, “ఓ, అదా! అది అందరికీ తెలిసిందే కదా” అన్నాడు. సగం మందం, సగం పలచన ఉండే మెట్టు వాషర్లు విడిగా దొరుకుతాయట. ఎక్కడ దొరుకుతాయంటే, వాళ్ల దగ్గరే. వాళ్ల కేటలాగులో తమరి బొమ్మ పక్కనే ఉన్నాయి. ధర విడి, పోస్టేజీ విడి.

ఏమిట్రా ఇది? పలచన అని తెలిసే తయారుచేశారా? తెలిసే పెట్టె మీద ‘మార్పులేమీ అక్కర్లేదు’ అని అచ్చువేశారా? ఆ నాలుగు వాషర్లు పెట్టెలో పడేస్తే మీ సొమ్మేం పోయింది? అందరికీ తెలిసిన సంగతి కొనేవాడికి ఒక్కడికే ఎందుకు చెప్పరు? నేను డబ్బులిచ్చింది నీకు, నువ్వు చేయాల్సింది ఒక్కటే పని, ఆ హెడ్‌కి తిన్నగా అంటుకుని కూర్చోవడం. అదీ చేతకాని దానికి పైన నల్ల రంగు ఒకటి! ఆ రంగు కూడా మొదటి వేడికే పొగై గరాజంతా కంపు కొట్టింది. చొక్కా ఉతికినా వదల్లేదు.

వేడంటే గుర్తొచ్చింది. నీకు ముందు ఆ చోట ఉన్న పాత ఇనుప మానిఫోల్డ్ లావుగా ఉండి వేడిని కొంత తనలోనే దాచుకునేది. నీది పలచటి రేకు. నీ నెత్తిన ఉన్నవి ఎస్‌యూ కార్బొరేటర్లు, పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెలు వాటి అడుగునే. డాలస్ జులై ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు అక్కడే మరుగుతుంది. పోనీ వేడి ఆపే గుడ్డ చుడదామంటే, ఆ గుడ్డ చెమ్మ పట్టి లోపల నువ్వు తుప్పు పడతావు. నీ పుట్టుకే మైల్డ్ స్టీలు, మరి.

కానీ ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. ఆ మొదటి నిమిషం ఉంది చూడు, ఇంకా టిక్కు మొదలవకముందు, మూడు వేల ఆర్‌పీఎం దగ్గర వెనక గొట్టంలోంచి వచ్చిన ఆ గంభీరమైన చప్పుడు, గరాజు గోడ మీది రేకు డబ్బాలు సన్నగా వణికాయి. పాత మానిఫోల్డ్ జన్మలో అలా పలకలేదు. ఎదురింటి ముసలాయన కుక్కతో సహా ఆగి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. అందుకే నిన్ను ఇంకా చెత్తకుప్పలో పడేయలేదు.

మెట్టు వాషర్లు బుధవారం వస్తాయట. స్టీరింగ్ రాడ్డు దగ్గర నీ నడుము కాస్త సుత్తితో నొక్కుతాను, నొప్పి పుడితే ఓర్చుకో. పాత మానిఫోల్డ్‌కి తుప్పు గీకి, నూనె రాసి, నీకు కనిపించేలా ఎదురుగా షెల్ఫ్ మీద పెట్టాను. ఈసారి ఇంజిన్ వేడెక్కాక ఒక్క టిక్ వినిపించిందో, నిన్ను పాత ఇనుము వాడికి తూకానికి వేస్తాను. ఆ తూకానికి కూడా ఏమీ రాదు, అంత పలచన నువ్వు.

ఇట్లు,
నీకు పూర్తి వెల చెల్లించినవాడు

తా.క.: చిరిగిన గాస్కెట్ ఖర్చు నీ ఖాతాలోనే రాశాను.