సర్పంచ్ పతి గారికి అధికారిక హోదా ఇచ్చేయండి

ఏటా ఏప్రిల్ 24న జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవం జరుపుకుంటాం. దండలు పడతాయి, శాలువాలు కప్పుతారు, 73వ రాజ్యాంగ సవరణ ఎంత గొప్పదో మైకు పట్టుకుని నలుగురు చెబుతారు. కానీ ఆ సవరణ అమల్లోకి వచ్చిన 1993 నుంచి ఇప్పటిదాకా, బ్యాలెట్ మీద తన పేరు లేకపోయినా, గౌరవ వేతనం తన పేరున రాకపోయినా గ్రామ స్వరాజ్యాన్ని భుజాన మోస్తున్న ఒక త్యాగమూర్తి గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. సర్పంచ్ పతి గారి సంగతే నేను చెప్పేది.

పంచాయతీ పదవుల్లో మహిళలకు మూడో వంతు తగ్గకుండా ఇవ్వమని సవరణ అంటే, మన రెండు తెలుగు రాష్ట్రాలు పెద్ద మనసు చేసుకుని సగం ఇచ్చేశాయి. అంటే సగం ఊళ్లలో ఒక్కసారిగా కొత్త పోస్టు పుట్టింది. దీనికి నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. మూడు ముళ్లు వేసి ఉంటే చాలు.

పని తేలికనుకోకండి. ఊరి మొగదల ఫ్లెక్సీలో నిలువెత్తున నిలబడి నమస్కారం పెట్టాలి, పక్కనే ఆవిడ ఫొటో పాస్‌పోర్టు సైజులో సర్దాలి. వెనకటికి రబ్బరు స్టాంపు జేబులో వేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు చెల్లింపులన్నీ ఆన్‌లైన్ కాబట్టి సర్పంచ్ సంతకమంటే పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ కీ. ఆవిడ చేతికిస్తే పోపుల పెట్టెలో పడేసి మర్చిపోతుందేమోనని పతి గారు దాన్ని బండి తాళాల గుత్తికే తగిలించుకుని తిరుగుతారు. టీ కొట్టు దగ్గర గుత్తి బల్ల మీద పెట్టారంటే ఆ ఊరి పంచాయతీ నిధులన్నీ గ్లాసు పక్కనే ఉన్నట్టు.

మండల సమావేశాల్లోనూ ఆయనకు తిప్పలే. "మేడం రాలేదా?" అని అధికారి అడుగుతారు. "ఒంట్లో బాగాలేదు సార్" అని పతి గారు చెబుతారు. ఐదేళ్ల పదవీకాలంలో ఒక్క సమావేశం నాడు కూడా ఒంట్లో బాగుండని ఆ మనిషి, అదే పూట మిరప తోటలో కోతకు వంగి సాయంత్రం దాకా నడుం ఎత్తదు. వైద్యశాస్త్రం దీన్ని ఇంకా పట్టించుకోలేదెందుకో.

ఢిల్లీ వాళ్లకు మాత్రం ఈయన మీద మొదటి నుంచీ చిన్నచూపే. సర్పంచ్ పతి సంస్కృతి పోవాలని 2015 పంచాయతీరాజ్ దినోత్సవం నాడు సాక్షాత్తూ ప్రధానే అన్నారు. 2023లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కేంద్రం ఒక కమిటీ వేసింది, ఆ కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. పెత్తనం చేసే పతులకు గట్టి శిక్షలు పడాలట, మహిళా ప్రతినిధులకు వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు పెట్టి శిక్షణ ఇవ్వాలట. శిక్షల సంగతి తర్వాత చూద్దాం కానీ, ఆ కళ్లద్దాలు ఊరికి వస్తే ముందు పెట్టుకుని చూసేది ఎవరనుకుంటున్నారు?

ఇక్కడ నాకో అనుమానం ఉంది. ఇదే ఊళ్లో, ఇదే ఆవిడ డ్వాక్రా గ్రూపులో పదేళ్లుగా సభ్యురాలు. వారం వారం పొదుపు కడుతుంది, ఎవరు ఎంత తీసుకున్నారో, ఎవరిది ఎన్ని వాయిదాలు ఆగిందో పుస్తకం చూడకుండా చెబుతుంది, వాయిదా తప్పిన వాళ్ల గుమ్మం ముందు మిగతా వాళ్లతో కలిసి కూర్చుంటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి సారా మీద తిరగబడి, సర్కారు చేత సారా బంద్ చేయించిందీ, ఆ మిగిలిన రూపాయినే రోజుకొకటి చొప్పున పొదుపు చేసుకుందీ ఇలాంటి ఆడవాళ్లే. లక్షల రుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు మేనేజరు "మీ ఆయన్ని పంపమ్మా, సంతకం పెట్టి వెళతాడు" అనడు. ఆవిడే రావాలి, ఆవిడ ఆధారే కావాలి, ఫొటోలో ఆవిడ మొహమే కనపడాలి. ఆ రోజు మాత్రం ఆవిడ ఒంట్లో భేషుగ్గా ఉంటుంది, పతి గారే స్వయంగా బండెక్కించి తీసుకొచ్చి బ్యాంకు మెట్ల మీద కాచుకుంటారు, ఎందుకంటే ట్రాక్టరు వాయిదా ఆ డబ్బులోంచే వెళ్లాలి. తీర్చాల్సిన డబ్బుకు ఆవిడ తెలివి సరిపోతుంది, ఖర్చు పెట్టాల్సిన డబ్బుకే చాలదు. ఇందులో తిరకాసు ఏమిటో ఆర్థికవేత్తలెవరైనా చెబితే వినాలని ఉంది.

పేదరిక నిర్మూలన ప్రణాళిక అని ఒకటుంది. ఊళ్లోని డ్వాక్రా గ్రూపులన్నీ కలిసిన గ్రామ సంఘం ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఎవరికి పింఛను రావడం లేదు, ఎవరికి జాబ్ కార్డు లేదు, ఏ వాడలో మురుగు ఇళ్లలోకి వస్తోంది అని రాసుకుని గ్రామసభలో పెడతారు. పంచాయతీ దాన్ని తన అభివృద్ధి ప్రణాళికలో కలుపుకోవాలి. కలుపుకుంటుంది కూడా. అన్నీ కలిపి, వడపోసి, చివరికి ఒక సీసీ రోడ్డుగా బయటికి తీస్తుంది. ఒంటరి ముసలమ్మ పింఛనూ సీసీ రోడ్డే, మురుగూ సీసీ రోడ్డే. కాంట్రాక్టు ఎవరిదని అడిగితే మర్యాదగా ఉండదు. గ్రామసభకు కోరం ఎలా నిండింది అంటారా, తీర్మానం పుస్తకం సాయంత్రం ఇళ్లకే వచ్చి సంతకాలు చేయించుకుని పోతుంది.

ఎస్సీ, ఎస్టీ మహిళకు రిజర్వయిన ఊళ్లలో పతి గారికి కూడా అన్యాయం జరుగుతోందని చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. అక్కడ ఆయన నిలబడే ఉంటాడు, కుర్చీలో ఉపసర్పంచ్ గారుంటారు. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది, ఉపసర్పంచ్‌కి లేదు. పైగా 2018 తెలంగాణ చట్టం చెక్ పవర్ ఇద్దరికీ కలిపి ఇచ్చింది. ఉపసర్పంచ్ గారి సంతకం పడనిదే వీధి దీపం బల్బు కూడా రాదు, ఆ సంతకం కోసం సర్పంచ్ గారు ఆయన ఇంటి అరుగు కింద నిలబడాలి. సామాజిక న్యాయాన్ని ఇంత జాగ్రత్తగా బ్యాలెన్స్ చేసిన వాళ్ల తెలివికి దండం పెట్టాలి. కొన్ని ఊళ్లలో అసలు ఈ గొడవే లేకుండా గుడి ముందు వేలం పాడి, ఎక్కువ పాడినవాళ్లకు పదవి రాసిచ్చి, దానికి ఏకగ్రీవం అని పేరు పెట్టి ప్రభుత్వం దగ్గర ప్రోత్సాహకం కూడా తీసుకుంటున్నారు.

అందుకే నా డిమాండు. ఈ పోస్టుకు గెజిట్ హోదా ఇవ్వండి, నామినేషన్ ఫారంలో భర్త పేరు గడి పక్కనే "అసలు సర్పంచ్" అని ఇంకో గడి పెట్టండి, ప్రమాణ స్వీకారం ఆయన చేతే చేయించండి. కనీసం ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు, రికవరీ నోటీసు వచ్చినప్పుడు ఆ కాగితమైనా సరైన అడ్రసుకు వెళుతుంది. ఇప్పుడు ఆ ఒక్క కాగితం మాత్రమే ఆవిడ పేరున నేరుగా ఆవిడ చేతికి అందుతోంది.

ఒక ప్రమాదం గురించి కూడా హెచ్చరించాలి. కొన్ని ఊళ్లలో గ్రూపు పుస్తకాలు రాసి రాసి చెయ్యి తిరిగిన ఆడవాళ్లు సర్పంచులై, కీ తమ దగ్గరే పెట్టుకుని, బిల్లు చదివాక గానీ సంతకం పెట్టం అంటున్నారు. అక్కడి పతులు ఏ పనీ లేక పొలం వెళుతున్నారు. వీళ్లకు తక్షణం పునరావాస ప్యాకేజీ ప్రకటించాలి. మరీ ఖజానా మీద భారం అనుకుంటే, గ్రూపులో సున్నా వడ్డీ కింద అప్పు ఇప్పించి తలో గేదె కొనిపెట్టండి. వాళ్ల ఆవిడే సంతకం పెడుతుంది.