పుర్రచేతివాడి నుంచి మడత చాకు గారికి

మడత చాకు గారికి,

నమస్కారం. ‘గారు’ అన్నందుకు ఆశ్చర్యపోకండి. మొన్నటిదాకా మిమ్మల్ని ‘ఇది’ అనే అనేవాణ్ణి. నిన్న రాత్రి మడవబోతే నా ఎడమ చూపుడువేలి మీద సంతకం పెట్టారు. రక్తం చూశాక మర్యాద దానంతటదే వస్తుంది.

మీరు మా ఇంటికొచ్చి ఇవాళ్టికి పదమూడు రోజులు. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లోపు వెనక్కి పంపొచ్చని మీతో వచ్చిన కాగితంలో ఉంది. అంటే రేపు సాయంత్రానికల్లా మీ సంగతి తేల్చెయ్యాలి. నేనేమో ఇలాంటివి చకచకా తేల్చే రకం కాదు. మిమ్మల్ని కొనడానికే మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఇంటికొచ్చిన ప్రతి పార్సిల్‌నీ తాళంచెవితో పొడిచి, గోళ్లతో చించి తెరిచాను. మీ గురించి చదవడంలో పడి చాకు లేని లోటే తెలియలేదు.

ముందు జాబితా గురించి చెప్పాలి. నాకు కావలసిన చాకు ఎలా ఉండాలో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అలుగు 8 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు 100 గ్రాములు మించకూడదు. ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 60 ఉండాలి. తెరవగానే లాక్ పడాలి, ఆ లాక్ గట్టిదై ఉండాలి. పిడి జారకూడదు. మొన మరీ సూదిగా ఉండకూడదు, అలాగని మొండిగానూ ఉండకూడదు. జేబు అంచుకు తగిలించే క్లిప్పు ఉండాలి కానీ అది బయటికి కనబడకూడదు. దారిన పోయేవాళ్లకు నా జేబులో చాకుందని తెలియకూడదు. చాకుల గురించి తెలిసినవాళ్లకు మాత్రం అది మంచి చాకని తెలియాలి. ఇలా మొత్తం పద్నాలుగు.

మీకు పద్నాలుగుకి పద్నాలుగు వచ్చాయి. బడిలో నాకెప్పుడూ అన్ని మార్కులు రాలేదు. మొదటి రోజు ఒక్కో అంశం పక్కన టిక్కు పెడుతుంటే నా బిడ్డ పరీక్ష పాసైనంత గర్వం కలిగింది. అయినా మిమ్మల్ని జేబులో వేసుకోవాలంటే చెయ్యి వెనకాడుతోంది. తప్పు ఎక్కడుందో చూద్దామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఉక్కు దగ్గర మొదలుపెడతాను. ఆ విషయంలో నా పాండిత్యం మీకు కొత్త కాదు, రోజూ రాత్రి మీకే వినిపిస్తున్నాను కదా. మీది డి2. అందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం, క్రోమియం సుమారు 12 శాతం. అంత క్రోమియం ఉన్నా దాన్ని పూర్తి స్టెయిన్‌లెస్ అనరు. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి కార్బైడ్ రేణువులైపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. ఆ రేణువుల వల్లే పదును చాలాకాలం నిలుస్తుంది. ఒకసారి మొద్దుబారితే సాన పట్టడం కష్టమయ్యేదీ వాటి వల్లే. ఇదంతా చదివి ‘పదును నిలవాలి’ అని రెండుసార్లు గీత కొట్టి రాసుకున్నాను. మా ఇంట్లో సానరాయి లేదు. పదును అరిగిపోయేంతగా మీతో ఏం కోయబోతున్నానో ఆలోచించనూ లేదు. ఈ పదమూడు రోజుల్లో మీరు కోసినవి ఇవీ: నాలుగు పార్సిళ్లు, ఒక కొత్త చొక్కా ట్యాగు, ఒక ఆపిల్, నేను.

ఆపిల్‌ను కోశారనడం కూడా కాస్త ఎక్కువే. చీల్చారు. మీ వెన్ను మందం మూడున్నర మిల్లీమీటర్లు. అంచు నున్నగా లోపలికి దిగింది, సగం దాకా వెళ్లాక ‘ఠప్’మని ఆపిల్ రెండు ముక్కలై ఒకటి బల్ల కిందికి దొర్లింది. ఎంత గొప్ప ఉక్కైనా పదును వెనకాల మందం ఎక్కువైతే కోత కాదు, గొడ్డలి పని అవుతుంది. ఆ మాట నా జాబితాలో ఎక్కడా లేదు. ‘దృఢంగా ఉండాలి’ అని మాత్రం ఉంది. దృఢంగానే ఉన్నారు, మీ తప్పేం లేదు.

పదును పరీక్ష కూడా చేశాను. గాల్లో కాగితం పట్టుకుని కోశాను. అది చాలక చేతి మీద వెంట్రుకలు గీశాను. ఇప్పుడు నా కుడి ముంజేతి మీద అగ్గిపెట్టెంత మేర నున్నగా మెరుస్తోంది. ఆఫీసులో ఇద్దరు కాలిందా అని అడిగారు, ఒకాయన మందు కూడా చెప్పాడు.

మీ పిడి జీ-10. గాజు పోగుల బట్టను ఎపాక్సీ అనే జిగురులో తడిపి, వేడితో అదిమి చేసిన పలకలు. చేతిలో జారకుండా వాటి మీద గరుకు గాట్లు పెట్టారు. చెయ్యి జారలేదు సరే, పాంటు జేబు అంచు పోగులు లేచింది. దాన్ని ఇంకా లాగను, పాంటు పాతదే.

లాక్ గురించి ఒక చిత్రం చెప్పాలి. బ్రిటన్ చట్టం లాక్ లేని మడత చాకును, అలుగు అంచు పొడవు 3 అంగుళాల లోపు ఉంటే, జేబులో ఎందుకుందని అడగకుండా వదిలేస్తుంది. లాక్ పడేదైతే కారణం చెప్పాల్సిందే. నా వేళ్లను కాపాడుతుందని నేను కోరి తెచ్చుకున్నదే అక్కడ నన్ను పోలీసుకు పట్టించేది. నాకు అక్కడికి వెళ్లే పని లేదనుకోండి. ఇంట్లో వేలు మాత్రం తెగింది.

ఇక అసలు విషయం. నాది పుర్రచెయ్యి. అన్నం తప్ప అన్నీ ఎడమచేత్తోనే. మీ పెట్టె మీద ‘ఎడమచేతివారికీ అనుకూలం’ అని ఉంటే సంబరపడ్డాను. పెట్టె తెరిస్తే దాని అర్థం తెలిసింది. క్లిప్పు స్క్రూలకు రెండో వైపు కూడా చిల్లులు ఉన్నాయి, అంతే. క్లిప్పు విప్పి అటు బిగించాను. ఒక స్క్రూ కింద పడి పోతే అరగంట నేల మీద పాకి వెతికాను. ఎడమ జేబులో బుద్ధిగా కూర్చున్నారు. తెరవడానికీ ఇబ్బంది లేదు. వెన్ను వైపు పొడుచుకొచ్చిన ఆ చిన్న కొమ్మును చూపుడువేలితో నొక్కితే చాలు, అలుగు ‘టక్’మని బయటికొస్తుంది. దానికి కుడీ ఎడమా తేడా లేదు.

తేడా అంతా మడవడంలో ఉంది. నిన్నటిదాకా రెండు చేతులతో మడిచాను కాబట్టి తెలియలేదు. నిన్న రాత్రి ఫోన్ మాట్లాడుతూ ఒంటిచేత్తో మడవబోయాను.

మీది లైనర్ లాక్. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల నిపుణుడు ఇప్పటి రూపానికి తెచ్చిన పద్ధతి. పిడి లోపలి పల్చటి రేకు ఒకటి స్ప్రింగులా వంగి ఉంటుంది. అలుగు పూర్తిగా తెరుచుకోగానే అది పక్కనుంచి వచ్చి అలుగు మడమకు అడ్డంగా నిలబడుతుంది. మడవాలంటే దాన్ని పక్కకు తప్పించాలి. కుడిచేత్తో పట్టుకున్నవాడి బొటనవేలు సరిగ్గా దాని అంచు మీదే వాలుతుంది, కాస్త నెడితే సరి. ఎడమచేత్తో పట్టుకున్నవాడు ఆ రేకును బొటనవేలితో తన వైపుకు లాక్కోవాలి. నెట్టడమైతే బొటనవేలికి పుట్టుకతో వచ్చు. లాగమంటే దానికేం తెలుసు? అందుకని చూపుడువేలిని లోపలికి దూర్చి నెట్టాను. అలుగు వచ్చి పడేదీ ఆ సందులోకే. మిగతా కథ ప్లాస్టర్ కింద ఉంది. బంగారు కత్తని ఎవరూ గొంతు కోసుకోరంటారు గానీ, డి2 కత్తని వేలు కోసుకున్నవాణ్ణి నేనే అయ్యుంటాను.

కుడీ ఎడమా పట్టించుకోని లాకులు లేవా అంటే బోలెడున్నాయి. 1964లో వచ్చిన బక్ 110 అనే చాకుకు లాక్ మీట వెన్ను మీద ఉంటుంది, ఏ చేత్తో నొక్కినా ఒకటే. దాని బరువు మాత్రం దాదాపు 200 గ్రాములు, జేబు మోకాలి దాకా జారుతుంది. ఒపినెల్ చాకుకు 1955 నుంచి మెడలో ఒక ఉంగరం ఉంది, తిప్పితే లాక్ పడుతుంది. ఎనిమిదో నంబరు ఒపినెల్ బరువు దాదాపు 45 గ్రాములే, అలుగు పల్చన, ఆపిల్‌ను చీల్చదు. బెంచ్‌మేడ్ అనే కంపెనీవాళ్లు 1998లో తెచ్చిన యాక్సిస్ లాక్‌కు రెండు వైపులా బొడిపెలు ఉంటాయి. ఇవన్నీ మిమ్మల్ని కొనకముందే చదివాను. సంవత్సరాలతో సహా నోటికి వచ్చు. అంతా చదివి జాబితాలో ఏం రాశాను? ‘లాక్ గట్టిదై ఉండాలి.’

ఇప్పుడా కాగితం మళ్లీ తీసి చూస్తే అందులో చేతిరాత ఒక్కటే నాది. 60 కాఠిన్యం నేను చదివినవాళ్లలో ఎవరిదో. కనబడని క్లిప్పు ఇంకెవరిదో. దృఢత్వం, అడవుల్లో కట్టెలు చీల్చే పెద్దమనిషెవరిదో. వాళ్లంతా కుడిచేతివాళ్లు, తమ చేతికి నప్పినవి చెప్పారు. నేను వాటిని ఎడమచేత్తో రాసుకున్నాను కాబట్టి నావే అనుకున్నాను.

మొన్న మా అక్క వచ్చి కాసేపు నా అవస్థ చూసింది. “చాకు నచ్చిందా లేదా అని చూస్తున్నావు సరే, కొయ్యడానికి ఏమన్నా ఉందో లేదో చూసుకున్నావురా?” అంది. దానికి చాకుల గురించి ఏమీ తెలియదు.

నిజం చెప్పాలంటే మీలో నాకు నచ్చింది ఒకటుంది. ఆ ‘టక్’. లాక్ రేకులో పొదిగిన బుల్లి గోళీ ఒకటి అలుగును లోపల పట్టి ఉంచుతుంది. వేలి ఒత్తిడికి అది పట్టు వదిలే క్షణం, అలుగు వెళ్లి ఆగే క్షణం, రెండూ కలిసి ఒకే చప్పుడు. పదమూడు రోజుల్లో కొన్ని వందల సార్లు విని ఉంటాను. అది జాబితాలో లేదు.

అయినా సరే, మిమ్మల్ని పంపేసి ఒపినెల్ తెచ్చుకుందామనుకున్నాను. తరవాత, ఇద్దరినీ ఉంచుకుంటే మాత్రం ఏం అనిపించింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గానీ నాకు జేబులు రెండున్నాయి కదా. ఆ ఆలోచన ఎటు పోతోందో నాకే భయమేసి, ఇందాకే మిమ్మల్ని పెట్టెలో పెట్టి మూడు వరసల టేపు చుట్టేశాను.

చుట్టాక చూస్తే, వెనక్కి పంపేటప్పుడు పెట్టె లోపల ఉండాల్సిన కాగితం బల్ల మీదే ఉంది. కారణం గడిలో టిక్కు కూడా పెట్టలేదు. పగిలింది, వేరేది వచ్చింది, ఆలస్యమైంది, ఇవే ఉన్నాయి అందులో. పుర్రచెయ్యి లేదు.

టేపు కొయ్యాలి. చాకు లోపల ఉంది.

సొరుగులోంచి కత్తెర తీశాను. అదీ కుడిచేతివాళ్ల కత్తెరే. ఎడమచేత్తో మామూలుగా నొక్కితే దాని రెండు రెక్కలూ ఎడంగా జరిగి, కాగితం తెగకుండా మధ్యలో మడత పడుతుంది. నలభై ఏళ్లుగా నాకది గుర్తు కూడా ఉండదు. బొటనవేలిని కాస్త లోపలికి లాగి పడతాను, రెక్కలు రెండూ ఒరుసుకుంటాయి, తెగుతుంది. ఈ టేపూ అలాగే తెగింది. కాస్త వంకరగా.

కత్తెర పక్కన పెట్టబోతూ ఆ బొటనవేలి వంక చూశాను. లాగడం రాదని ఇందాక దాని మీద అభాండం వేశాను కదా.

మిమ్మల్ని బయటికి తీశాను. టక్. ప్లాస్టర్ వేసిన చూపుడువేలిని దూరంగా ఎత్తి పట్టి, రేకు అంచు మీద బొటనవేలు ఆనించి, కత్తెరను పట్టినట్టే నెమ్మదిగా లాగాను.

రేకు కదిలింది.

ఇట్లు,
రేపు సాయంత్రం దాకా మీ యజమాని